ఇద్దరింటి సేనాధిపతి

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ప్రెస్సులో, వీధిలో, చివరికి సొంత అక్క ఇంట్లో కూడా ఆయన వంశోద్ధారకుడే. పిల్లల్లేని మనిషికి ఆ బిరుదేమిటని కొత్తవాళ్ళు విస్తుపోతారు. ఆయన ఉద్ధరించింది సొంత వంశాన్ని కాదు, ఊళ్ళోవాళ్ళ వంశాల్ని. ఒక్కొక్కటి ముప్ఫై రెండు పేజీల చొప్పున, రంగు అట్టతో సహా.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఆయన ఉద్యోగం. మిషను గది వెనక, కాగితం కట్టల మధ్య ఒక బల్ల, ఒక కుర్చీ, ఎర్ర సిరా కలం. ఏళ్ళ తరబడి ఇతరుల తప్పులు దిద్దుకుంటూ గుట్టుగా బతికేవాడు. ఒకరోజు శుభలేఖలు అచ్చుకిచ్చిన పెద్దమనిషి ఒకాయన ప్రూఫు చూసుకుంటూ నసిగాడు. "మా ఇంటిపేరు చేటల అండీ. వియ్యాలవారు చదివి నవ్వుకుంటున్నారట. దీనికేమైనా మంచి అర్థం ఉందేమో కాస్త చూద్దురూ."

ఉన్నమాట చెప్పాలంటే అందులో చూడ్డానికేముంది? ఎప్పుడో ఎవరో చేటలు అల్లి అమ్ముకున్నారు, పక్కింటివాళ్ళు అలా పిలిచారు, ఆ పిలుపు పిల్లలకూ మనవలకూ అంటుకుపోయింది. ఇళ్ళ పేర్లు సగం అలాగే పుడతాయి. వలస వచ్చినవాణ్ణి విడిచి వచ్చిన ఊరి పేరుతోనూ, పనివాణ్ణి పనిముట్టుతోనూ, ఏ పనీ లేనివాణ్ణి వాడి అలవాటుతోనూ పిలుస్తారు. ఏ ఇంటికైనా పేరు పెట్టేది ఇరుగుపొరుగే. వాళ్ళకు కావలసింది గుర్తు, గౌరవం కాదు. ఇదంతా మనవాడికి బాగా తెలుసు. కానీ పెద్దమనిషి ముఖం చూస్తే జాలేసింది.

"చేట అంటే డాలండీ. పూర్వం యుద్ధాల్లో వాడేవారు" అనేశాడు.

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆయనకే తెలియదు. పెద్దమనిషి కళ్ళు మాత్రం చెమర్చాయి. వారం తిరక్కుండా ఆ డాలు మోసినవాడు సేనాధిపతి అయ్యాడు, నెలకల్లా పుస్తకం అయ్యాడు.

ఇక చూసుకోండి. మూకుళ్ళవారు, పలుపులవారు, గంపలవారు, తమ ఇంటిపేరు నలుగురిలో గట్టిగా పలకలేక నీళ్ళు నమిలేవాళ్ళందరూ ప్రెస్సు వెనక గదికి క్యూ కట్టారు. మనవాడు ఎవర్నీ నిరాశపరచలేదు. ప్రతి పుస్తకంలోనూ ఒక మహారాజు ఉంటాడు. శత్రువులు ముట్టడిస్తారు. అందరూ పారిపోతారు. ఒక్కడు నిలబడతాడు. ఆ ఒక్కడూ పుస్తకం రాయించుకునేవారి మూలపురుషుడు. రాజుగారు కౌగిలించుకుని "నేటి నుంచి నీ వంశం ఈ పేరుతో వెలుగొందుగాక" అంటాడు. మూకుడు శిరస్త్రాణమైంది, పలుపు విల్లుతాడైంది, గంప కోటబురుజైంది. అట్ట మీద సేనాధిపతి మీసం మెలేస్తూ ఉంటాడు. ఆ బొమ్మ అన్ని పుస్తకాలకూ ఒకటే. గడ్డం రంగు మార్చేవారు.

ఆయన భార్య ఇంట్లో కుట్టుమిషను మీద దిండుగలీబులు కుడుతూ ఆ ప్రూఫులు చదివేది. "ఇంతమంది సేనాధిపతులే అయితే, యుద్ధం చేసిందెవరండీ?" అని ఒకసారి అడిగింది.

"నీకెందుకు? వాళ్ళు సంతోషంగా ఉన్నారా లేదా?"

"ఉన్నారు. మొన్నటిదాకా మనతో కలిసి కుళాయి దగ్గర నిలబడ్డవాళ్ళే, ఇప్పుడు బిందె పక్కకు జరపమన్నా రాజ్యం అడిగినట్టు చూస్తున్నారు."

ఆయన పట్టించుకోలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టేవాళ్ళు పెరిగారు, సభల్లో ముందు వరుసలో కుర్చీ వేస్తున్నారు. ప్రూఫులు దిద్దేవాడికి ముందు వరుస ఎవరిస్తారు? ఆ కుర్చీ రుచి మరిగాడు.

అలాంటి రోజుల్లోనే బావ పట్టుబట్టాడు. బావ అంటే అక్క మొగుడు, కరెంటాఫీసులో పెద్ద గుమాస్తా, ఇంటిపేరు జల్లెడల. "ఊళ్ళో గంపలకీ తట్టలకీ రాశావు. సొంత బావకు రాయవా? నా రిటైర్మెంటు రోజుకు పుస్తకం చేతిలో ఉండాలి" అన్నాడు. సొంతవాళ్ళ పని కదా, మనవాడికి బద్ధకం. అంతకు తొమ్మిదేళ్ళ ముందు కుర్చీల దుకాణం ఆయనకు రాసిన పాత పుస్తకం బయటికి తీశాడు. ఆయన ఇంటిపేరు మోకుల. మోకుల అన్నచోటల్లా జల్లెడల అని దిద్దాడు. తెల్లగుర్రాన్ని ఎర్రగుర్రం చేశాడు. రాజూ, ముట్టడీ, సేనాధిపతీ, సేనాధిపతి తల్లి కూడా అలాగే ఉండిపోయారు. ఒక్క మధ్యాహ్నంలో పని ముగిసింది. బావ ఆ పుస్తకాన్ని గాజు ఫ్రేములో పెట్టి, ముందు గదిలో గోడకు తగిలించుకున్నాడు. దాని పక్కన తన తండ్రి ఫొటో ఉండేది. అది మెల్లగా లోపలి గదిలోకి జరిగింది.

బావకు ఒక్కతే కూతురు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. కంటితో చూసి అద్దం ఎంత మందమో చెప్పేయగలదు. మేనమామ అంటే ప్రాణం. ఒకరోజు ప్రెస్సుకు వచ్చి, కాగితం కట్ట మీద కూర్చుని, "మామయ్యా, నాకో అబ్బాయి నచ్చాడు. నువ్వే నాన్నతో చెప్పాలి" అంది. బస్సు డిపోలో ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరాలో పట్టీలు రాసే ఉద్యోగం. కళ్ళజోడు బిగువైందని మూడుసార్లు వచ్చాడట. మూడోసారి ఆ అమ్మాయికి అర్థమైందట, బిగువు కళ్ళజోడులో లేదని.

"ఎవరబ్బాయి?"

"కుర్చీల దుకాణం వాళ్ళబ్బాయి."

మనవాడి మొద్దుబుర్రకు అప్పటికీ ఏమీ తట్టలేదు. రాసినవి రాసినట్టు మరిచిపోవడం ఆయన వృత్తిధర్మం. సంతోషంగా మధ్యవర్తిత్వం నడిపాడు. ఇటు బావ సరేనన్నాడు, అటు కుర్చీలాయన సరేనన్నాడు.

మాటలు ఖాయం చేసుకోవడానికి అబ్బాయివాళ్ళు బావ ఇంటికి వచ్చిన రోజున, పెద్దవాళ్ళిద్దరూ ఒకరికొకరు ఘనంగా పుస్తకాలు ఇచ్చుకున్నారు. "మా వంశచరిత్ర" అన్నాడు బావ. "మాదీ ఉందండోయ్" అన్నాడు కుర్చీలాయన. ఇద్దరూ కళ్ళజోళ్ళు సవరించుకుని పేజీలు తిప్పసాగారు. వంశోద్ధారకుడికి అప్పుడు గుర్తొచ్చింది, రెండూ ఒకే పుస్తకమని.

కుర్చీలాయన పుస్తకం మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "బావగారూ అని పిలవబోయాను. పిలవకూడదు. మీదీ మాదీ ఒకే మూలపురుషుడు. అంటే మనం అన్నదమ్ములం. మన పిల్లలు అన్నాచెల్లెళ్ళు."

అక్క చేతిలో నీళ్ళ గ్లాసుల పళ్ళెం అలాగే ఉండిపోయింది. అమ్మాయి ఆ అబ్బాయి వంక చూసింది, ఆ అబ్బాయి గుమ్మంలోని చెప్పుల వంక చూశాడు.

నిజం చెబితే వంశోద్ధారకుడి పరువు గంగపాలు. ఇన్నేళ్ళ నమస్కారాలూ, ముందు వరుస కుర్చీ, అన్నీ పోతాయి. మూకుళ్ళవారు కర్రలు పట్టుకు వస్తారు. చెప్పకపోతే మేనకోడలి పెళ్ళి పోతుంది. పక్కన కూర్చున్న భార్య ఆయన మోకాలి మీద గట్టిగా గిల్లింది. ఆ గిల్లుడుకే లేచి నిలబడ్డాడు.

"అబద్ధమండీ. సేనాధిపతి లేడు, రాజూ లేడు. అంతా నేనే కల్పించాను. బావకు రాయడానికి బద్ధకించి మీ పుస్తకమే దించేశాను. మీ ముత్తాతలు మోకులు పేనారు, వీళ్ళ ముత్తాతలు జల్లెళ్ళు అల్లారు. మీకూ వీళ్ళకూ ఏ చుట్టరికమూ లేదు. పిల్లల పెళ్ళి చేయండి."

ఆ మాట అనడానికి ఆయనకు ఎంత ప్రాణం పోయిందో ఎవరికీ పట్టలేదు. కుర్చీలాయన ఫకాలున నవ్వాడు. "మేనకోడలి మీద ప్రేమతో అంటున్నారు. మీ మంచితనం అర్థమైంది, కూర్చోండి."

"కాదండీ, చూడండి. రెండు పుస్తకాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకే కథ!"

"అదే నేనూ చెప్పేది. రెండు ఇళ్ళవాళ్ళ దగ్గర విడివిడిగా ఉన్న పుస్తకాల్లో ఒకే మాట ఉందంటే నిజం కాక ఏమవుతుంది?"

"గుర్రం! మీ గుర్రం తెల్లది, వీళ్ళది ఎర్రది!"

"సేనాధిపతి అన్నాక రెండు గుర్రాలుండవా?" అన్నాడు బావ కొంచెం కోపంగా.

నిజం పనికిరాదని తేలాక మనవాడు తెలిసిన విద్యే ప్రయోగించాడు. సేనాధిపతికి ఇద్దరు కొడుకులనీ, అందులో ఒకడు పెంచుకున్నవాడనీ, కాబట్టి రక్తసంబంధం లేదనీ అప్పటికప్పుడు అల్లేశాడు. దాన్ని ఇద్దరూ వెంటనే నమ్మారు. కానీ పెంచుకున్నవాడి సంతానం ఎవరనే దగ్గర గొడవ మొదలైంది. మీరంటే మీరని కుర్చీల్లోంచి లేచారు. మోకుల పరాక్రమం చూస్తే అసలు రక్తం ఎవరిదో తెలియడం లేదా అని ఒకాయన, కరెంటాఫీసులో తన సంతకం చూసినవాడెవడూ ఆ మాట అనడని రెండో ఆయన. సాయంత్రం దాకా తెగలేదు.

చివరికి కుర్చీలాయనే దారి చూపించాడు. "అమ్మాయి ఇంటిపేరు మారితే ఏ అడ్డూ లేదు. మేనమామకు పిల్లల్లేరు కదా. ఆయనకు దత్తత ఇచ్చేయండి. అప్పుడామె మీ వంశం పిల్ల కాదు. మాకూ అభ్యంతరం ఉండదు."

వంశోద్ధారకుడు బావ వంక చూశాడు. బావ ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే చాలు. పుస్తకం పోతే పోయింది, నా కూతురు నాకు కావాలి అంటే చాలు. బావ గోడ మీది గాజు ఫ్రేము వంక చూశాడు.

"సరే" అన్నాడు.

"కన్నదాన్ని నేనిక్కడే ఉన్నాను. నన్నడిగారా?" అంది అక్క.

"ఎక్కడికి పోతుందే? నీ తమ్ముడి ఇంటికేగా" అన్నాడు బావ. లేని మనిషిని వదులుకోలేక ఉన్న కూతుర్ని ఇచ్చేశాడు. అమ్మాయి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

వెళ్తూ వెళ్తూ కుర్చీలాయన గుమ్మంలో ఆగాడు. "అన్నట్టు, మీ ఇంటిపేరేమిటి?"

ఇన్ని వంశాలు ఉద్ధరించినవాడు సొంత ఇంటిపేరు ఎక్కడా అచ్చు వేయించలేదు. "గురకల" అన్నాడు నేల చూస్తూ.

కుర్చీలాయన ఒక్క క్షణం తటపటాయించాడు. "ఫరవాలేదు. గురక అంటే సింహగర్జన కిందే లెక్క. పెళ్ళినాటికి మీ వంశానికీ ఒక పుస్తకం వేయండి. మావాళ్ళకు పంచాలి."

ఆయన రాశాడు. ముప్ఫై రెండు పేజీలు కాదు, ఒకే ఒక్క పేజీ. మర్నాడు మేనకోడలు దుకాణానికి వెళ్తూ ప్రెస్సులో ఆగితే చేతికిచ్చాడు. అందులో ఇలా ఉంది: "మా తాత తండ్రి ఒక గోదాము కాపలాదారు. కాపలా కాస్తూ నిద్రపోయేవాడు. దొంగలు సరుకంతా పట్టుకుపోయి, పోతూ పోతూ గోదాము తలుపులు కూడా ఊడదీసుకుపోయారు. ఆయన గురక ఆగలేదు. ఉద్యోగం పోయింది, పేరు మిగిలింది. అంతకుముందు సంగతి మాకు తెలియదు."

అమ్మాయి చదివి నవ్వింది. కాగితం కట్ట మీద కూలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ నీళ్ళు ఆగలేదు.

"మామయ్యా, ఈయన నిజంగా ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. మా నాన్న ఆయన చేతిలోనే పెరిగాడు. తలుపుల సంగతి చెప్పినప్పుడల్లా సిగ్గుపడేవాడట."

"అయితే ఈయన చాలు నాకు" అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఒక్క అక్షరం మార్చకు."

మార్చలేదు. ఆ పేజీయే అచ్చయింది. చదివిన కుర్చీలాయన బంధువులు, ఇంత గొప్పవాళ్ళకు ఇంత వినయమా అని మెచ్చుకున్నారు. మనవాడు తల కొట్టుకున్నాడు.

పెళ్ళి హాల్లో అంతా సజావుగా జరిగింది. శుభలేఖలో అమ్మాయి తల్లిదండ్రులుగా వంశోద్ధారకుడి పేరూ ఆయన భార్య పేరూ ఉన్నాయి. బావ పేరు కింద, బంధుమిత్రుల్లో నాలుగోది. బావ ఉదయం నుంచీ హుషారుగానే తిరిగాడు. వచ్చినవాళ్ళకు కుర్చీలు చూపించాడు. చంకలో నాలుగు పుస్తకాలు పెట్టుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సేనాధిపతి ముట్టడి ఎలా ఛేదించాడో వర్ణించాడు.

ఫొటోలు మొదలయ్యాయి. ఫొటోగ్రాఫరు బయటివాడు, అతనికి ఈ గొడవలేవీ తెలియవు. "అమ్మాయి తండ్రిగారు రావాలి! అమ్మాయి తండ్రిగారూ!" అని కేకేశాడు.

బావ చప్పున లేచాడు. చొక్కా సర్దుకుంటూ రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు కుర్చీలాయన బంధువులందరూ తన వంకే చూస్తున్నారని గమనించాడు. అక్కడే ఆగిపోయాడు.

వంశోద్ధారకుడు దగ్గరికి పరుగెత్తాడు. "రండి బావా. మీరే రండి. ఎవరేమంటారో నేను చూసుకుంటాను."

"వద్దులే" అన్నాడు బావ. "ఇంతమంది ముందు మాట పోతుంది. నువ్వే వెళ్ళు."

అమ్మాయి వేదిక మీంచి ఇద్దర్నీ చూస్తోంది. తండ్రి తల దించుకుని వెనక్కి నడిచి, తన కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటే, పుస్తకాలు గుండెకు ఆనించుకుని గోడవారగా నిలబడ్డాడు. ఫొటోగ్రాఫరు మళ్ళీ పిలిచాడు. వంశోద్ధారకుడు మెట్లెక్కి తండ్రి నిలబడాల్సిన చోట నిలబడ్డాడు.