జపాను ముసలయ్య మీద పాత కేసు

ఎర్రబోరు దగ్గరి మా పల్లెలో ముసలయ్యను ఉత్త ముసలయ్య అని ఎవరూ పిలవరు. జపాను ముసలయ్య అనాలి. కొండ మీది ఇనుప గనిలో కూలికి వెళ్లి, ఏడాదికి పైగా జాడ లేకుండా పోయి, తిరిగొచ్చిన రోజు తెచ్చుకున్న పేరది. ఖనిజం నింపిన వ్యాగన్లో కునుకు తీస్తే విశాఖపట్నంలో మెలకువ వచ్చిందట. ఓడలోకి ఖనిజంతో పాటు తననూ కుమ్మరించారట. తల నుంచి కాలి దాకా ఎర్రమట్టితో దిగిన మనిషిని చూసి జపానువాళ్లు దేవుడనుకున్నారట. అక్కడ తెల్లటి మంచు కొండ ఉందట. ఏమడిగినా వాళ్లు "హై, హై" అంటారట. జపాను భాషలో అవునంటే నిజంగానే హై; ఆ కథ మొత్తంలో పొరపాటున నిజమైన ముక్క అదొక్కటే.

ఆ ఏడాదంతా ముసలయ్య జగదల్‌పూర్ జైల్లో ఉన్నాడు. గని కాంట్రాక్టరు యార్డులో రాగి కేబులు పోయింది. యార్డు పక్క గుడిసె ముసలయ్యది, పోలీసులు అతన్నే పట్టుకెళ్లారు. కోర్టులో మేజిస్ట్రేటు హిందీలో "కబూల్ హై?" అన్నాడు, నేరం ఒప్పుకుంటావా అని. ముసలయ్యకు కబురని వినబడింది. ఇంటి నుంచి కబురేమైనా ఉందా అంటున్నాడు కాబోలు అనుకున్నాడు. కూతురు పుట్టిందని భార్య ఉప్పలమ్మ అప్పుడే కబురు పంపింది. పళ్లన్నీ బయటపెట్టి "హై సాబ్, హై" అన్నాడు. శిక్ష పడింది.

జైలుకు పోయి వచ్చినవాణ్ణి మావాళ్లు పంక్తిలో కూర్చోనివ్వరు. అందరి ముందూ ఒప్పుకుని, పెద్దల చేత నీళ్లు చల్లించుకుని, కోడిని కోసి పెట్టాకే కలుపుకుంటారు. ఆ మాట చెప్పుకోలేకనే ముసలయ్య జపాను పోయాడు. సంగతి ఉప్పలమ్మ ఒక్కతెకే తెలుసు.

కూతురు పెళ్లీడుకు వచ్చేనాటికి అతను గనిలో కాపలా పని చేస్తున్నాడు. గేటు పాసులకు పోలీసు విచారణ పెట్టారు. పాత శిక్ష బయటపడింది. కోర్టు కొట్టేస్తే సరే, లేదంటే పని పోతుందన్నారు. దంతెవాడలో ఒక వకీలమ్మ అప్పీలు వేసింది.

"మీకు అప్పట్లో హిందీ రాదని ఊరి పెద్ద ఎవరైనా వచ్చి చెబితే చాలండీ" అంది.

పెద్దంటే అప్పయ్య, ఉప్పలమ్మకు పెదనాన్న. జపాను కథలు ఆయనకన్నా ఇష్టంగా విన్నవాడు లేడు.

"పాత కేబులు తగాద మామా. నాకు హిందీ రాదని జెప్తె సాలు" అని తీసుకెళ్లాడు ముసలయ్య. జైలు మాట మింగేశాడు.

బోనెక్కి అప్పయ్య మీసం దువ్వాడు. ముసలయ్యకు ఆ రోజుల్లో హిందీ వచ్చా అని జడ్జి అడిగాడు. వకీలమ్మ తెలుగులో చెప్పింది.

"హిందీ ఏంది దొరా, మా అల్లునికి జపాను భాషే వచ్చు. ఓడల పోయొచ్చిండు."

వకీలమ్మ ఆ మాట హిందీలోకి మార్చలేదు. వెనక్కి తిరిగి ముసలయ్యను చూసింది. సాక్షి ఏమన్నాడని జడ్జి రెండోసారి అడిగాడు.

ముసలయ్య లేచాడు. నేల చూస్తూ అన్నాడు: "నేను జపాను పోలె మామా. జగదల్‌పూర్ల జైల్ల ఉన్న. కబూలంటే కబురనుకున్న. హిందీ రాకనే పోయిన."

ఎవరో నవ్వారు. అప్పయ్య నవ్వలేదు. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు.

"మరి ఓడ ఎక్కలేదా?"

"ఎక్కలె."

"అయితే రాదు దొరా" అన్నాడు జడ్జి వైపు తిరిగి. "వీనికి అప్పుడు మా మాట తప్ప ఏదీ రాదు."

శిక్ష రద్దయింది. తిరుగుదారిలో జీపు తోంగ్‌పాల్ దాటాక అప్పయ్య అడిగాడు.

"మంచు కొండ?"

"జైలరు గదిల క్యాలెండరు మీద బొమ్మ ఉండె మామా."

"మా అమ్మ సచ్చేముందు ఒళ్లు మండుతుందంటే నిన్నే పిలిపిస్తి. ఆ మంచు ముచ్చట జెప్పినవ్. సల్లగున్నది కొడుకా అనుకుంట కన్ను మూసింది."

ముసలయ్య తువ్వాలు మొహాన కప్పుకున్నాడు. పల్లె దగ్గరపడుతుంటే దాని కిందనుంచే అడిగాడు.

"అందరి ముందట జెప్పాల్నా మామా?"

"జెప్పాలె. కోడిని నువ్వు తే, నీళ్లు నేను సల్లుత." అప్పయ్య జీపు దిగి, కర్ర సర్దుకున్నాడు. "కొండ లేదని మాత్రం అనకు. మా అమ్మ సూసింది."