తగ్గింపు మాస్టారు

రికార్డింగు స్టూడియోలో సౌండ్ మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏది చూసినా తగ్గించమంటారు. మీటరైనా, ఫ్యానైనా, భార్య కోపమైనా సరే. అందుకే అందరూ ఆయన్ని తగ్గింపు మాస్టారనేవారు.

"ఏవండీ, కూరలో ఉప్పు సరిపోయిందా?" అని ఆవిడ అడిగితే, "ఇంకాస్త తగ్గించు" అన్నారట.

"వేస్తేగా తగ్గించడానికి! ఇవాళ మర్చిపోయాను."

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయికి ఆర్నెల్లుగా చెవుల్లో అదే మోత.

"చూడమ్మాయ్, డిజిటల్ మీటర్లో సున్నాయే పైకప్పు. గొంతు దాన్ని దాటిందా, పైముక్క తెగిపోతుంది. మళ్లీ అతకదు. మామూలు మాట సున్నాకి పద్దెనిమిది మెట్లు కిందే ఉండాలి."

"పెట్టాను మాస్టారూ."

"ఇంకాస్త తగ్గించు!"

ఆమెకు ఒళ్లు మండిపోయేది.

ఎట్టకేలకు ఆమె సొంతంగా చేసే మొదటి రికార్డింగు వచ్చింది. బస్టాండులో ముప్ఫై ఏళ్లు ప్రకటనలు చదివిన పెద్దావిడకు మర్నాడే గొంతు ఆపరేషను. తర్వాత ఆ గొంతు మిగులుతుందో లేదో డాక్టరే చెప్పలేకపోయాడు. అందుకే మనవరాలి కోసం ఒక కథ చదివి దాచిపెడదామని వచ్చింది. చదివితే ఒక్కసారే, రెండోసారి వద్దన్నాడు డాక్టరు.

లెవెల్ చూడటానికి పెద్దావిడ పిల్లికూన గొంతుతో నాలుగు ముక్కలు చదివింది. అమ్మాయి ధీమాగా లెవెల్ పెంచేసింది. మాస్టారు నోరు తెరవబోయారు.

"ఇవాళ్టికి నన్నొదిలేయండి మాస్టారూ!"

ఆయన రికార్డరు వెనక్కి వెళ్లి ఏదో వైరు సర్దారు.

కథలోకి రాక్షసుడు రానే వచ్చాడు. బస్టాండునంతా గడగడలాడించిన గొంతు "ఎవడ్రా అది!" అని గర్జించింది. మీటరు ఎర్రబడింది, అమ్మాయి మొహం తెల్లబడింది. ఆపితే మళ్లీ చదివించే వీల్లేదు. రాక్షసుడు చచ్చేదాకా హెడ్‌ఫోన్లో బరబరలే.

పెద్దావిడ బయటికెళ్లి మంచినీళ్లు తాగుతుంటే అమ్మాయి బావురుమంది. "ఆవిడ గొంతు నాశనం చేశాను మాస్టారూ!"

ఆయన ఇందాక సర్దిన వైరు మీదుగా విడిగా రికార్డయిన మరో ఫైలు తెరిచారు. అదే కథ, పన్నెండు మెట్లు కింద. రాక్షసుడు కోరలతో సహా క్షేమం.

"ఇదెప్పుడు తీశారు?"

"నీ ఒక్కదానికేనా? నా దగ్గర నేర్చుకున్న ప్రతివాళ్ల మొదటి పనికీ తీశాను."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"చెబితే భయం పోతుంది. భయం పోతే ఎవరు తగ్గిస్తారు?"

ఇంతలో పెద్దావిడ తలుపులోంచి తొంగిచూసింది. "బాగా వచ్చిందా?"

"మా అమ్మాయి అద్భుతంగా తీసిందమ్మా!" అన్నారు మాస్టారు, తడుముకోకుండా.

పెద్దావిడ వెళ్లగానే అమ్మాయి పట్టలేని సంతోషంతో, "మాస్టారూ, మీరు దేవుడు!" అని అరిచింది.

మాస్టారు చెవులు మూసుకున్నారు.

"ఇంకాస్త తగ్గించు."