కోపం లేని కుక్కలు

మా డ్రాయింగు మాస్టారు పోయారు. ముదినేపల్లి బడిలో నేను తెలుగు పాఠం చెబుతుంటే ఏలూరు నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయారట. ఆయన గీసిన బొమ్మల్లో ఎవరూ అంత సుఖంగా చచ్చిపోలేదు.

ఆ బొమ్మల సంగతే చెప్పాలి. ఒక రాజకీయ నీతికథ ఉంది. చెరువు కాపలాకి బాతులు ఓట్లేసి మరీ కుక్కల్ని పెట్టుకుంటాయి. కొన్నాళ్లకి, ఎదురు ప్రశ్న వేసిన బాతుల్ని ఆ కుక్కలే చంపుతాయి. ఎవరో దాన్ని యానిమేషన్ సినిమాగా తీశారు. ఆ సినిమా చూసి మాస్టారు బొమ్మలు గీయాలని, నేను తెలుగులో కథ రాయాలని, ఇద్దరం కలిసి పిల్లలకి పుస్తకం తేవాలని అనుకున్నాం.

ఆయన పని తీరు చూస్తే ఎవరికైనా విసుగొచ్చేది. లాప్‌టాప్‌లో సినిమా పెట్టి, ఆపి, కాస్త జరిపి, మళ్లీ ఆపేవారు. చంపే సీను ఒక్కటే రోజుల తరబడి చూశారు. కుక్క పళ్లు మెడలో దిగిన చోట, రెక్క విరిగిన చోట, ముక్కు తెరుచుకున్నా అరుపు రాని చోట ఆపి, ఒక్కొక్కటీ పెన్సిలుతో గీసుకున్నారు. పిల్లల పుస్తకంలో ఇంత నెత్తురేమిటి మాస్టారూ అన్నాను.

“సినిమాలో దెబ్బ పడి అయిపోతుందమ్మా. బొమ్మలో పడుతూనే ఉంటుంది. వాళ్లు అక్కడే చూడాలి,” అన్నారు.

ఆయన అంతే. తాడేపల్లిగూడెం బడిలో మాకు మామిడిపండు గీయడం నేర్పినప్పుడు కూడా మచ్చే ముందు వేయించారు. మచ్చ లేకపోతే అది మైనప్పండు అనేవారు. టీ చల్లారాకే తాగేవారు. తడి బ్రష్షు చొక్కా జేబులో పెట్టుకుని ఇంట్లో రోజూ చివాట్లు తినేవారు.

సినిమాలో చెరువు ఏ దేశానిదో గాని, మాస్టారు దాన్ని కొల్లేరు చేశారు. గట్టు మీద పెద్దకుక్కకి నవారు మంచం వేసి, పక్కన చేపల మేత బస్తాలు పేర్చారు. మండవల్లిలో కొన్ని బొమ్మలు ప్రదర్శనకి పెట్టాం. అక్కడ చేపల చెరువులున్న ఒక ఆసామి ఆ మంచం తనదేనన్నాడట. మంచం తనదైతే కుక్క ఎవరో ఆయనే ఒప్పుకున్నట్టు కదా అని ఇద్దరం తెగ నవ్వుకున్నాం.

ఒక సాయంత్రం మేమిద్దరం పుస్తకం పనిలో ఉండగా మాస్టారి వరండాలోకి ముగ్గురు వచ్చారు. చెప్పులు బయటే విడిచారు.

“ఆ గట్టు బొమ్మలు ఇచ్చేయండి మాస్టారూ. అయ్యగారు బాధపడుతున్నారండి,” అన్నాడు వాళ్లలో నడివయసాయన.

“ఇవ్వనండి,” అన్నారు మాస్టారు.

“అయితే కళ్లజోడు తీసెయ్యండి. పగిలితే కంట్లో గుచ్చుకుంటాదండి.”

తనే తీసి, మడిచి, బల్ల మీద పెట్టాడు. తర్వాత కర్రతో మొహం మీద కొట్టాడు. కిందపడ్డ మాస్టారి కుడిచెయ్యి లాగి గడప మీద పెట్టి, మణికట్టు మీద పదే పదే కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. నేను అడ్డం వెళ్తే ఇంకొకడు నన్ను గోడకేసి నొక్కి, “మీకు తగులుద్దండి, ఆగండి,” అన్నాడు. దొరికిన బొమ్మలన్నీ చింపి వెళ్లిపోయారు. కేసు ఇంకా నడుస్తోంది. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

ఆసుపత్రిలో మాస్టారు వాచిన పెదవులతో అన్న మొదటి మాట ఇది: “తప్పు గీశానమ్మా. సినిమాలో కుక్కలకి కోపం ఉంది, నేనూ అదే దించేశాను. అతని మొహం చూశావా? కోపమే లేదు.”

కట్టు విప్పాక చెయ్యి వంకరగానే మిగిలింది. ఆ చేత్తోనే కుక్కలన్నిటినీ మళ్లీ గీశారు. పళ్లు అవే, నెత్తురూ అదే. మొహాలు మాత్రం పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్ల మొహాలు. మంచం కూడా అక్కడే ఉంచారు. పుస్తకం వచ్చింది. మా క్లాసులో పిల్లలు, చంపే పేజీ తిప్పబోతే ఉండండి టీచర్ అని ఆపి మళ్లీ చూస్తారు. ఆయన ఉండగా ఆ మాట చెప్పగలిగాను, అదొక్కటే నాకు తృప్తి.

నేను ఏలూరు చేరేసరికి మాస్టారిని వరండాలో పడుకోబెట్టారు. జనం వస్తూ పోతూ ఉన్నారు. ఆ రోజు కర్రతో కొట్టిన నడివయసాయన కూడా వచ్చాడు. దండ వేసి, పక్కకి జారిన కుడిచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. నొప్పి పుడుతుందేమో అన్నట్టు మెల్లగా ఎత్తి, గుండె మీద పెట్టబోయాడు. ఆ వంకర చెయ్యి నిలవలేదు.

“చెయ్యి తియ్యండి,” అన్నాను. అరుద్దామనుకున్నాను గాని, నా నోట్లోంచి వాళ్ల మాటల్లాగే మర్యాదగా వచ్చింది.

“తీస్తానండి,” అన్నాడు. అంటూనే మణికట్టు సర్దుతున్నాడు.