రికార్డులో మూసుకుపోయిన శ్వాసనాళం

కృష్ణగిరి కాలేజీలో మా జంతుశాస్త్రం ల్యాబులో మైక్రోస్కోపులు లేక కాదు. ఉన్నాయి, గుడ్డలు కప్పుకుని బీరువాలో చల్లగా ఉండేవి. మేము మాత్రం సీనియర్ల రికార్డులు ముందు పెట్టుకుని మక్కికి మక్కి బొమ్మలు దించేవాళ్లం. గులాబీ పెన్సిలొకటి, ఊదా పెన్సిలొకటి ఉంటే చాలు, పాలిచ్చే జంతువుల గుట్టంతా మాకు తెలిసిపోయినట్టే.

శ్వాసనాళం అడ్డుకోత వంతు వచ్చింది. సీనియర్ బొమ్మలో లోపలి అంచున పొడుగాటి కణాలు, వాటి మీద దుమ్మును పైకి నెట్టే సన్నటి నూగు, మధ్యమధ్య జిగురు ఊరే బుడ్డి కణాలు అన్నీ ముద్దుగా ఉన్నాయి. వాటి చుట్టూ ఉండే మృదులాస్థి మాత్రం గాజులా గుండ్రంగా మూసుకుని ఉంది. సూళగిరిలో మా నాయనది మాంసం అంగడి. మేక గొంతు గొట్టాన్ని వెనక వైపు నొక్కితే వేలు మెత్తగా దిగుతుందని బడికి పోకముందే నాకు తెలుసు. పట్టుబట్టి మైక్రోస్కోపు దింపించి స్లైడు చూశాను. వెనక మృదులాస్థి లేదు, కండరమే ఉంది. అట్లాగే గీశాను.

సార్ సంతకం పెట్టలేదు.

"ఏమమ్మా, ఇన్ని బ్యాచ్‌లోళ్లు గుడ్డోళ్లా? వాళ్లందరికీ సంతకం పెట్టినానే, నేనూ గుడ్డోణ్ణా? ఆ సందు మూసెయ్" అన్నారు.

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సంతకం లేని రికార్డుతో పరీక్షకు కూర్చోనివ్వరు. డిగ్రీ పోతుందన్న భయంతో ఊదా పెన్సిలు తీసి ఆ ఖాళీ పూడ్చేశాను.

పరీక్షకు హోసూరు నుంచి ఎగ్జామినరుగా వచ్చిన పెద్దాయన, తెలుగాయనే, నా రికార్డు తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగారు.

"యాడ చూసి గీసినావమ్మా ఇది? వెనకాలే అన్నం దిగే గొట్టం ఉంది కదా. చుట్టూ ఇట్లా బిగించేస్తే ముద్ద యాడ దిగుతాది?"

మా సార్ ఆయన పక్కనే నిలబడి కిటికీ బయటికి చూస్తున్నారు. నిజం నా నోటి దాకా వచ్చింది. కానీ ప్రాక్టికల్ మార్కుల్లో సగం మా సార్ చేతిలోనే ఉన్నాయి.

"స్లైడు చూడకుండానే గీసినాను సార్" అన్నాను.

మార్కులు కోశారు గానీ పాసయ్యాను. ఒళ్లు మండిపోయింది, మా సార్ మీద కన్నా నా మీద నాకే ఎక్కువ. పెద్దాయన వెళ్లాక మా సార్ నా దగ్గరికి వచ్చి, ఎంతో దయగా అన్నారు.

"ఇకనైనా మైక్రోస్కోపులో చూసి గియ్యమ్మా."