బెల్జియం రాయి, కుప్పం నిమ్మకాయ

మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సు ఆరూ నలభైకి. ఆరింటికే వెళ్లి కిటికీ సీటు పట్టుకున్నాను. రెండు రోజుల కిందట కుప్పం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, నా పుస్తకంలో తప్పుందని, ఒకసారి వచ్చి పొమ్మని అన్నాడు. పందొమ్మిదో శతాబ్దపు బెల్జియం శిల్పి జీవితం అది, పదేళ్ల కష్టం. తప్పు పట్టేవాడికి నాలుగు ముక్కలు చెప్పి వద్దామనే బయలుదేరాను.

ఏడూ ఇరవైకి పుంగనూరు. ఇక్కడి పాత బంగళాలో మోకరిల్లిన స్త్రీ విగ్రహం ఆ శిల్పిదేనని లోకానికి చెప్పింది నేనే. ఆకారం ఆయన బొమ్మల పుస్తకంలో ఉన్నదే. రాయి నల్లగా, నున్నగా ఉంది. నల్ల పాలరాయికి బెల్జియం పెట్టింది పేరు. ఇంకేం కావాలి? పుస్తకంలో రాసి, విగ్రహం పక్కన బోర్డు కూడా పెట్టించాను.

అక్కడ గంగవరం వెళ్లే రైతొకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. యాడికని అడిగిందే చాలు, కుప్పంలో ఒకాయన్ని చూడాలని చెప్పి శిల్పి కథంతా విప్పాను. రొట్టెలు కాల్చేవాడి కొడుకు, చర్చికి చెక్క బొమ్మలు చేస్తూ పని నేర్చాడు, రోములో పస్తులున్నాడు, తిరిగొచ్చి బ్రస్సెల్స్ కూడళ్లలో విగ్రహాలు నిలబెట్టాడు, చివర్లో చూపు పోతే చేత్తో తడుముతూ చెక్కాడు. రైతు ఓపిగ్గా విన్నాడు.

"అంత దూరమోని గురించి ఇంత తెలుసునే. కుప్పంలో నువ్వు సూడబొయ్యే ఆయప్ప పేరేందప్పా?"

గుర్తు లేదు. ఫోన్లో వెతికి, మునిరత్నమాచారి అని చెప్పాను.

పలమనేరులో ఇడ్లీ తిన్నాను, చట్నీ బాగుంది. పదిన్నరకు కుప్పం, అక్కణ్ణుంచి ఆటో.

ఆచారిగారికి ఎనభై దాటాయి. వాదించలేదు. తను వయసులో ఉన్నప్పుడు బంగళా యజమాని ఆ బెల్జియం శిల్పి బొమ్మ ఫొటో చూపించి అట్లాంటిదే చెక్కమన్నాడట. కుప్పం క్వారీ నల్లరాయి తెచ్చుకుని ఏడు నెలలు చెక్కాడట.

"బొమ్మ ఆయప్పదే. రాయి మాది, చెయ్యి నాది" అన్నాడు.

ఆయన భార్య పార్వతమ్మ మజ్జిగ ఇచ్చి, ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆరు నెలల కిందట ఆమెకు తన పని చూపిద్దామని పుంగనూరు తీసుకెళ్తే, అక్కడెవరో నా బోర్డు చదివి వినిపించారట.

"పెండ్లైనప్పట్నుంచీ నేనే చెక్కినానని చెప్తాండా. ఇప్పుడు నన్ను అబద్ధాలోడనుకొంటాంది. నీ మాటతో పోయింది, నీ మాటతోనే రావల్ల."

ఒప్పుకోవలసింది అక్కడే. నేనేమో గొంతు సవరించుకుని, ఆధారం చూడాలండీ అన్నాను. తల్చుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను. ఆచారిగారు పెరట్లో నిమ్మకాయ కోసి నా చేతిలో పెట్టాడు.

"పాలరాయైతే దీనికి పొంగుతాది. మా రాయి పొంగదు. సూసుకో పో."

రెండింటి బస్సుకు తిరిగి బయలుదేరి, అయిదింటికి పుంగనూరులో దిగాను. విగ్రహం పాదం దగ్గర నిమ్మరసం పిండాను. ఒక్క బుడగ రాలేదు. ఉండబట్టలేక కుప్పానికి ఫోన్ చేసి పార్వతమ్మను పిలవమన్నాను. అమ్మా, అది ఆచారిగారు చెక్కిందే, నేనే తప్పు రాశాను, బోర్డు ఇప్పుడే తీసేస్తున్నాను అని చెప్పాను.

ఆమె ఒకటే అడిగింది.

"నీ బోర్డు నమ్మి ఆర్నెల్లు ఆయప్పతో సరిగ్గా మాట్లాడలే. అది యాడ దిద్దుతావప్పా?"

వాచ్‌మన్ సాయంతో బోర్డు ఊడదీసి, అక్షరాలు కనపడకుండా బోర్లా ఒళ్లో పెట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. మీరెవరైనా ఆ విగ్రహం చూడబోతే పక్కన బోర్డు కోసం వెతక్కండి. చెక్కినాయన పేరు మునిరత్నమాచారి. ఇప్పుడు ఫోన్ చూడకుండానే చెప్పగలను.