బావ పోయించుకోని బంకు

ఘాట్ రోడ్డు సగం ఎక్కాక, ఎడమవైపు కొండ కాస్త వెనక్కి జరిగి చోటిచ్చినట్టుండే వంపులో ఒక చిన్న పెట్రోల్ బంకు ఉంది. రెండే పంపులు, వాటి మీద రేకుల కప్పు, పక్కన టైర్లకు గాలి కొట్టే కొట్టు, వెనక మూడు గదుల ఇల్లు. ఆ బంకు నడిపేది ఒకావిడ. నలభై దాటిన మనిషి. గట్టిగా మాట్లాడుతుంది, అంతకంటే గట్టిగా నవ్వుతుంది. పుట్టినప్పటి నుంచీ లారీల హోరు మీదుగా మాట్లాడిన గొంతు మరి, తగ్గమంటే ఎక్కడ తగ్గుతుంది? ఆ దారిన తిరిగే డ్రైవర్లందరికీ ఆవిడ కొండక్క.

బంకు పెట్టింది తండ్రి. ఆయన పోయాక పెద్ద కూతురు, "నాకొద్దమ్మా ఈ వాసన, అన్నం ముద్దలో కూడా పెట్రోలే తగులుతోంది" అని పెళ్లి చేసుకుని కింద ఊరికి వెళ్లిపోయింది. చిన్న కూతురు కొండక్క ఆ వాసన వదిలి ఉండలేకపోయింది. ఆవిడ పెళ్లి కూడా బంకులోనే కుదిరింది. లారీ చక్రం మార్చడానికి వచ్చిన మెకానిక్ ఒకడు, వాన తగ్గేదాకా ఆగుదామని అక్కడే ఆగాడు. ఆ వాన ఏనాడో తగ్గింది, ఆయన మాత్రం ఇంకా వెళ్లలేదు. ఇప్పుడు ఆ గాలి కొట్టే కొట్టు ఆయనదే. మాట్లాడటమంటే ఆయనకు పెద్ద ఖర్చు కింద లెక్క.

కొండక్క బంకులో ధర ఎప్పుడూ కింద ఊరి కంటే కాస్త ఎక్కువే. బోర్డు చూసిన ప్రతి కొత్త డ్రైవరూ, "ధరలు కొండెక్కాయంటే ఏమిటో అనుకున్నాం, ఇదన్నమాట!" అనేవాడు, ఆ జోకు తనే కనిపెట్టినట్టు. కొండక్క ప్రతిసారీ అప్పుడే విన్నట్టు నవ్వేది.

"ఎన్నిసార్లు నవ్వుతావే ఆ పాచి జోకుకి?" అని తల్లి విసుక్కునేది.

"నవ్వితే పోయేదేముందమ్మా. నవ్వకపోతే వాడు ఇంకోసారి వివరంగా చెబుతాడు."

అందరినీ నవ్వుతూ పంపగలిగిన కొండక్కకు ఒక్క మనిషి మాత్రం కొరకరాని కొయ్యగా ఉండేవాడు. ఆయన సొంత బావ, అక్క మొగుడు. టాక్సీ నడిపేవాడు. రోజూ ఆ కొండ ఎక్కి దిగే మనిషి. రోజూ బంకు దగ్గర ఆగుతాడు, అత్తగారిని పలకరిస్తాడు, టీ తాగుతాడు, తోడల్లుడి చేత ఊరికే గాలి కొట్టించుకుంటాడు. పెట్రోలు మాత్రం చుక్క పోయించుకోడు. ముల్లు అడుగున వణుకుతున్నా సరే, కిందికి దిగి, ఊళ్లో ఏ బంకులో తక్కువో కనుక్కుని, అక్కడే పోయించుకుంటాడు.

"ఏం బావా, బండి దాహంతో నోరు తెరిచి ఉంటే నువ్వు మాత్రం టీ తాగుతున్నావ్?" అనేది కొండక్క.

"టీ ఊరికే ఇస్తున్నావు కాబట్టి తాగుతున్నా మరదలా. పెట్రోలు కూడా ఊరికే ఇచ్చి చూడు, వద్దంటానేమో."

ఒక్కోసారి ఏరు దాటి అవతలి రాష్ట్రానికి కూడా వెళ్లేవాడు. అక్కడ పన్ను తక్కువ, అందుకని ధరా తక్కువ. ఆ సంగతి ఈయనకొక్కడికే తెలిస్తే బాగుండేది, ఊరందరికీ తెలుసు. వంతెన మీద బారులు తీరిన బండ్ల వెనక, ఇంజిన్ ఆపకుండా, ఏసీ వేసుకుని కూర్చునేవాడు. "మీ బావ మిగిల్చిందంతా వంతెన మీదే తాగేసి వస్తాడే" అని అక్క ఫోనులో నవ్వేది. "అయినా మొహం చూడాలి, యుద్ధం గెలిచొచ్చినట్టుంటుంది."

ఒక వానాకాలం మధ్యాహ్నం బావ బండిలో ఒక ముసలి దంపతులు ఎక్కారు. కొండ అవతల ఊళ్లో కూతురికి బిడ్డ పుట్టింది, చూడటానికి వెళ్తున్నారు. బియ్యం మూట, ఊయల, పరుపు, ఇంకా ఏవేవో బండి పైన కారియర్ మీద కట్టించారు. బావ బంకు దగ్గర ఆగలేదు. చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ముల్లు ఎక్కడుందో ఆయనకు తెలుసు. శిఖరం దాకా చేరితే చాలు, అక్కడి నుంచి అంతా దిగుడే అని లెక్క వేసుకున్నాడు.

లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్కలో వాన లేదు. పై వంపులో కొండ రాళ్లు జారి రోడ్డు మీద పడ్డాయి. బండ్లన్నీ ఆగిపోయాయి. ముసలాయనకు ఉక్కగా ఉందని ఏసీ, అద్దాలకు ఆవిరి పడుతోందని ఇంజిన్, రెండూ ఆపకుండా ఉంచాడు బావ. రాళ్లు తీసి దారి వదిలేసరికి ముందున్న బండ్లన్నీ కదిలాయి, బావ బండి ఒకసారి దగ్గి ఊరుకుంది. వెనకున్న వాళ్ల హారన్లు కొండంతా మోగాయి.

మరదలికి ఫోన్ చెయ్యడానికి మనసొప్పలేదు. పెళ్లానికి చేశాడు. పెళ్లాం ఆ క్షణమే చెల్లెలికి చేసింది.

కొండక్క రెయిన్‌కోటు వేసుకుని, మూత గట్టిగా బిగించిన డబ్బా ఒకటి స్కూటీకి కట్టుకుని వచ్చింది. అప్పటికి బండిని నలుగురు డ్రైవర్లు పక్కకు తోసి, తమాషా చూస్తూ నిలబడ్డారు. వెనక సీట్లోంచి ముసలావిడ తల బయటపెట్టి, "వచ్చావా తల్లీ! మా మనవడు నడవడం నేర్చుకునే లోపైనా చేరతామా?" అంది. అందరూ నవ్వారు. బావ మొహం మాడిపోయింది.

పెట్రోలు పోశాక, "ఎంత?" అన్నాడు.

"బోర్డు మీద ఎంతుందో అంత."

"సొంత బావకి కూడానా?"

"సొంత బావవి కాబట్టే వానలో మోసుకొచ్చినందుకు ఏమీ అడగట్లేదు."

ఇంకో రోజైతే బావ కూడా నవ్వేసేవాడే. కానీ అంతమంది ఎదుట పరువు పోయిన మంట మీదున్నాడు. "అవునులే. కొండ మీద ఇంకో బంకు లేదనే ధైర్యం. పెట్రోలు డిపోలో నీకూ కింద ఊరి వాళ్లకూ ఒకటే ధరకు ఇస్తారని నాకు తెలియదనుకున్నావా? అవసరంలో ఉన్నవాళ్లని దోచుకోవడానికి బంకు పేరొకటి!"

కొండక్క నవ్వలేదు. డ్రైవర్లు ఆవిడ నవ్వకపోవడం చూడటం అదే మొదటిసారి. డబ్బా మూత బిగించింది, బిగించిందే మళ్లీ బిగించింది. "ఎల్లుండి నా ట్యాంకరు వస్తుంది. డిపో దగ్గర ఎక్కి, దాంతో పాటు పైకి రా బావా. వచ్చాక కూడా ఇదే మాట అంటే, ఆ పూటే బోర్డు మీద అంకె మారుస్తా" అంది.

బావ పంతం మనిషి. ఎల్లుండి టాక్సీ ఇంటి దగ్గర పెట్టి, డిపో గేటు ముందు నిలబడ్డాడు.

ట్యాంకరు నడిపేది ఒక పెద్దాయన. బండితో పాడి గేదెతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. "పదవే తల్లీ, నెమ్మదిగా" అంటూ గేటు దాటించాడు. వాళ్ల ముందే ఇంకో ట్యాంకరు బయల్దేరింది. అది రెండు సందులు తిరిగి, కూడలిలో ఉన్న బంకులోకి దూరింది. వీళ్ల బండి సిగ్నలు దగ్గర నిలబడి ఉండగానే అక్కడ గొట్టాలు తగిలించేశారు.

"చూశావా," అన్నాడు పెద్దాయన. "దాని పని అయిపోయింది. ఆ కూడలిలో బంకులు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉంటాయి. ఒకడు బోర్డు మీద అంకె తగ్గిస్తే పక్కవాడికి నిద్ర పట్టదు, వాడూ తగ్గిస్తాడు. దూరం లేదు, గిరాకీ పుష్కలం. ఇక మన సంగతి చూద్దువుగాని."

ఘాట్ మొదలైంది. ట్యాంకరు మొదటి గేరులో మూలుగుతూ ఎక్కింది. మనిషి నడిచినా దాన్ని దాటేసి పోవచ్చు. టోలు గేటు దగ్గర బరువు బండికి వేరే రుసుము. ఇరుకు వంపులో బస్సు ఎదురైతే వెనక్కి వెనక్కి జరగాలి. ఇంజిన్ వేడెక్కితే ఆపి, చల్లారేదాకా బండరాయి మీద కూర్చోవాలి. రోడ్డు మూసేసిన రోజున బండి ఎక్కడుందో అక్కడే కాపురం. బావ డీజిలు ముల్లు వైపు చూశాడు. కళ్ల ముందే జారుతోంది.

"ఇది తాగేదంతా ఎవరి ఖాతాలో పడుతుంది?" అని అడిగాడు.

"ఇంకెవరి ఖాతా? బాడుగంతా మీ మరదలే కట్టాలి."

బావ కిటికీలోంచి వెనక ట్యాంకు వైపు చూశాడు. తర్వాత వెనక్కి బొటనవేలు చూపించి, "ట్యాంకులో నాలుగు అరలున్నాయిగా. ఎక్కించేటప్పుడు చూశా, రెండే నింపారేం?" అన్నాడు.

"మీ మరదలి బంకులో భూమిలో ఉన్న ట్యాంకు చిన్నది. అంతకంటే పట్టదు."

"మరి బాడుగ?"

"నిండు బండికైనా, సగం బండికైనా బాడుగ ఒకటే."

"కొండ అవతల బంకుకో?"

"దానికి వేరే రోజు, వేరే బండి. వాళ్ల ట్యాంకూ చిన్నదే. అదీ సగమే వస్తుంది."

బావ సీట్లో నిటారుగా లేచి కూర్చున్నాడు. టాక్సీలో ఒక్క సీటు ఖాళీగా ఉన్నా ప్రాణం ఒప్పని మనిషి ఆయన. ఒకరిని తీసుకెళ్లే దారిలో ఇంకో ఇద్దరిని ఎక్కించుకుని, ముగ్గురికీ ఖర్చు తగ్గించిన రోజులు ఆయన జీవితంలో లెక్కలేనన్ని. అలాంటివాడి వీపు వెనకే రెండు అరలు ఖాళీగా డబడబలాడుతూ కొండెక్కుతున్నాయి!

బంకు చేరేసరికి కొండక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. వెనకాల తల్లి, కొట్టు గుమ్మంలో మొగుడు. బావ తన నడుం పట్టుకుని కిందికి దిగాడు. మంచినీళ్లడిగి తాగాడు.

"నేనన్న మాట తప్పు మరదలా. అందరి ముందూ అన్నాను, అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నా. దోపిడీ లేదు," అన్నాడు. కొండక్క మొహం విచ్చుకుంటుండగా, "కానీ తెలివితక్కువతనం మాత్రం బోలెడుంది" అని ముగించాడు.

"ఏంటీ?" కొండక్క గొంతు లోయలోకి వినిపించింది.

బావ ఖాళీ అరల సంగతి చెప్పాడు. ఆవిడ కాదనబోయింది, ఆగింది, మొగుడి వైపు చూసింది. ఆయన మెల్లగా తలూపాడు.

నిజానికి అది ఆవిడకెప్పుడూ తట్టలేదు. అవతలి బంకాయనంటే పోటీదారు అని తండ్రి నాటి మాట. ఇద్దరి మధ్యా ఒక కొండ అడ్డంగా ఉందనీ, ఈ వైపు గిరాకీని ఆయన తన్నుకుపోయే వీలే లేదనీ ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు. మర్నాడే బావ టాక్సీలో కొండ దాటింది. అవతలి బంకాయన నెరిసిన మీసాల నెమ్మదస్తుడు. విషయం విని, "నాకీ ఆలోచన ఎప్పటి నుంచో ఉందమ్మా. మీరేమనుకుంటారో అని ఊరుకున్నా" అన్నాడు.

"నేనేమనుకుంటానండీ! ఇన్నాళ్లూ ఊరుకున్నందుకే అనుకుంటా" అంది కొండక్క.

పెట్రోలు కంపెనీ ఆఫీసులో ముందు కుదరదన్నారు, తర్వాత చూద్దామన్నారు. చివరికి ఒక బండి, ఒక డ్రైవరు మిగులుతున్నారని అర్థమై సరేనన్నారు. అప్పటి నుంచి నిండు ట్యాంకరు కొండెక్కుతోంది. రెండు అరలు ఇక్కడ, రెండు అరలు అక్కడ. కొండక్క బోర్డు మీద అంకె తగ్గింది. కింద ఊరంత కాలేదు, ఎప్పటికీ కాదు కూడా. ఆ తేడా ఎందుకో అడిగినవాళ్లకు బావే చెబుతాడు, అడగని వాళ్లకు కూడా చెబుతాడు.

కొండక్కకు ఇంకో అలవాటు కూడా అయింది. ముసలి దంపతులు ఆ వానలో ఇరుక్కున్న సంగతి ఆవిడ మర్చిపోలేదు. బంకుకొచ్చిన వాళ్లతో, "ఫుల్ ట్యాంకు ఎందుకండీ? కొండ దాటడానికి ఎంత కావాలో అంత, ఇంకాస్త ధైర్యానికి. మిగతాది కింద పోయించుకోండి, అక్కడ తక్కువ" అంటుంది. కారియర్ ఖాళీగా ఉంటే విప్పేయమంటుంది, అది గాలికి అడ్డం పడి పెట్రోలు తాగుతుందని. బండి ఆగితే ఇంజిన్ ఆపమంటుంది. దిగేటప్పుడు న్యూట్రల్ వెయ్యొద్దు, గేరులోనే దిగమంటుంది.

"కొట్టు పెట్టుకుని గిరాకీని పక్క కొట్టుకు తోలేదాన్ని నిన్నే చూశానే!" అంటుంది తల్లి.

ఒకరోజు ఇలాగే మాటలు నడుస్తుండగా, టైర్లకు గాలి కొడుతున్న మొగుడు తల ఎత్తకుండానే అన్నాడు: "గాలి లేని టైరు, పని లేని ఇల్లరికం అల్లుడు. రెండూ కూర్చుని తినేస్తాయి." ఆ ఇల్లరికం అల్లుడు ఆయనే మరి. అత్తగారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ మాట ఇప్పుడు డ్రైవర్లందరి నోటా ఉంది.

బావ కూడా మారాడు. వంతెన దాటి వెళ్లడం మానేశాడు. అవతలి రాష్ట్రానికి ఎవరినైనా దింపడానికి వెళ్తేనే అక్కడ పోయించుకుంటాడు. మిగతా రోజుల్లో ఎక్కేటప్పుడు మరదలి దగ్గర కొంచెం, దిగాక ఊళ్లో కొంచెం. టీ మాత్రం ఇప్పటికీ ఊరికే.

ట్యాంకరు వచ్చే రోజున, అరలు రెండూ దించుకున్నాక, కొండక్క ఒక్కోసారి బంకు మొగుడికి అప్పజెప్పి పెద్దాయన పక్కన ఎక్కి కూర్చుంటుంది. శిఖరం దాటాక అవతలి లోయ కనిపిస్తుంది. అటువైపు మబ్బు తక్కువ, ఎండ ఎక్కువ. అవతలి బంకాయన భార్య బయట కుర్చీలు వేసి ఉంచుతుంది. ఆవిడకు కాస్త వినికిడి తక్కువ. అందుకని కొండక్క గొంతు అంటే ఎంతో ఇష్టం. "నువ్వొక్కదానివే అమ్మాయీ, నాకు సరిగ్గా వినిపించేలా మాట్లాడేది" అంటుంది. ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ ఎండలో కూర్చుని, దారంట పోయే బండ్లను చూస్తూ, ఊసులన్నీ చెప్పుకుంటారు.