శంషాబాద్‌లో హన్నిబాల్ వెనకడుగు

2009 నవంబరు 14, శనివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, శంషాబాద్‌లోని ఒక ప్రైవేటు బడి ఆటస్థలంలో హన్నిబాల్ నా మాట వినలేదు. కచ్చితంగా చెప్పాలంటే విన్నది. వినడం వల్లే అంతా జరిగింది. ఆ రోజుల్లో నాకు యాభై తొమ్మిదేళ్ళు. అయినా దీన్ని నా పసితనపు జ్ఞాపకంగానే రాస్తున్నాను. ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన నేను, చరిత్ర టీచరుగా ఆ సెప్టెంబరు ఒకటిన పుట్టాను. ఆ లెక్కన ఆ రోజుకి నా వయసు డెబ్బై అయిదు రోజులు. ఆ వయసులో ఎవరికైనా ఉండే పొగరు నాకూ ఉంది.

చిన్నప్పుడు చరిత్ర చదువుతానంటే ఇంట్లోవాళ్ళు లెక్కల్లో చేర్పించారు. ఆ కోరిక అలాగే ఉండిపోయింది. రిటైరయ్యాక గుంటూరు వైపు నుంచి వచ్చి శంషాబాద్‌లో మా చెల్లెలి ఇంటి పైవాటాలో దిగాను. దగ్గర్లోని బడి యజమాని (అందరూ పెద్దసారు అనేవారు) నన్ను పిలిచి, "లెక్కలకు సారు ఉన్నడు మేడం, సోషల్‌కే ఎవ్వరు దొరుకుత లేరు. బాలల పండుగ దాంక మీరు చెప్పుండ్రి. ఆ రోజు పిల్లలతోని ఏమన్న మంచిగ చేయించి సూపిస్తే ఇగ సోషల్ మీదే" అన్నారు. నలభై ఏళ్ళు ఆలస్యంగా చేతికొచ్చిన చరిత్రను వదులుకునే ఉద్దేశం నాకు లేదు. అందరిలా పాటా, డాన్సూ చేయించకుండా ఏడో తరగతి చేత ఏకంగా రోమన్ల కాలపు కానే యుద్ధం చేయించాలని నిశ్చయించుకున్నాను.

క్రీస్తు పూర్వం 216లో కానే అనే ఊరి దగ్గర, ఏనుగులతో కొండలు దాటి రోమన్ల మీదికొచ్చిన సేనాని హన్నిబాల్ చేసిన పని వినడానికి సులువు. నడిమి దళం కొద్దికొద్దిగా వెనక్కి తగ్గింది. రోమన్లు గెలిచామనుకుని లోపలికి చొచ్చుకొచ్చారు. రెండు పక్కల దళాలూ మూసుకున్నాయి. అంతే. గెలవడానికి వెనక్కి నడవమని చెప్పి, సైన్యం చేత నడిపించగలగడమే నాయకత్వమని నేను బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీశాను. తరగతిలో ముప్పై ఎనిమిది మంది. రోమన్లు ఇరవై నలుగురు, హన్నిబాల్ వైపు పద్నాలుగు మంది (చరిత్రలోని నిష్పత్తికి ఎంత దగ్గరగా వస్తుందో చూసి మరీ విడదీశాను). హన్నిబాల్‌గా కొత్వాల్‌గూడ నుంచి వచ్చే ఒక అమ్మాయిని ఎంచుకున్నాను. ఆ పిల్ల ఒడ్డున నిలబడి అరిస్తే హిమాయత్‌సాగర్ అవతలికి వినబడుతుందని తోటిపిల్లలు 'మైకు' అని పిలిచేవాళ్ళు.

మొదటి రోజే మైకు అడిగింది. "టీచర్, ఏనుగేది?"

"కానేలో ఏనుగులు లేవు."

"ఏనుగు లేని హన్నిబాల్ ఏంది టీచర్? మా బాపు అట్టతోని చేసిస్త అన్నడు."

"చరిత్రలో లేని ఏనుగు నా యుద్ధంలో ఉండదు."

"మరి చరిత్రల ఉన్న గుర్రాలేవి?"

(కూర్చోమన్నాను.)

తొమ్మిది రోజులు రిహార్సల్ చేయించాను. నేను ఈల వేస్తే నడిమి ఆరుగురూ వెనక్కి తగ్గాలి. కొత్త ఎయిర్‌పోర్టు పుణ్యమా అని నెత్తిమీద విమానం పోతుంటే ఈల కూడా వినబడేది కాదు. అందుకని వారం పాటు గడియారం పట్టుకుని విమానాల వేళలు రాసుకుని, పది నలభై దాటాక ఏడు నిమిషాలు ఆకాశం ఖాళీ అని తేల్చాను. అంతా సిద్ధమయ్యాక, ఆ ఉదయం తొమ్మిదిన్నరకు పెద్దసారు వచ్చి, "మేడం, తల్లిదండ్రులంత వస్తున్నరు. ఆ ఈల ఒక్కటి వద్దు, బస్టాండ్ లెక్క ఉంటది" అన్నారు. సరే, నోటితోనే చెబుతానన్నాను. సైన్యానికి తగిన మాట ఉండాలి కదా అని ఆలోచించి, గంభీరంగా ఉంటుందని 'మరలండి' అన్న మాట ఎంచుకున్నాను. మా వైపు చదువుకున్న వాళ్ళెవరైనా దాన్ని వెనక్కి తిరగండి అనే అనుకుంటారు. పిల్లలకు విడిగా చెప్పాలని తోచలేదు.

పది నలభై. విమానం లేదు. రోమన్లు లెక్కప్రకారం ముందుకొచ్చారు. నేను చెయ్యెత్తి, "మరలండి!" అన్నాను.

మైకు ఒక్క క్షణం నా వైపు చూసింది. అంత సంతోషం ఆ పిల్ల ముఖంలో అంతకు ముందెప్పుడూ చూడలేదు. "ఇన్నరా! టీచర్ మర్లబడుమంటున్నది! కొట్టుండ్రి!"

తొమ్మిది రోజులుగా ముందుకు నడవడం తప్ప ఏమీ నేర్చుకోని రోమన్లు నిలువునా ఆగిపోయారు. వాళ్ళ సేనాని, "ఏయ్, మీరు ఎన్కకు పోవాలె గదనే!" అన్నాడు.

"టీచర్ మాట మార్చింది, పో!" అని మైకు అట్టకత్తితో వాడి డాలు మీద ఒకటి వేసింది.

నేను ఇంకా గట్టిగా "మరలండి! మరలండి!" అని అరిచాను. అరిచినకొద్దీ హన్నిబాల్ సైన్యానికి ఊపొచ్చింది. రోమన్లు వెనుదిరిగి, పెద్దసారు కూర్చున్న షామియానా కింద దూరి, అవతల భోజనాల దగ్గర తేలారు. వాళ్ళ వెనకే పద్నాలుగు మందీ. ఆ వెనక నేను. పది యాభై నాలుగుకు అన్నంలోకి వండిన దాల్చా గిన్నె బోర్లాపడ్డాక గానీ రెండు సైన్యాలూ ఆగలేదు.

గరిటె పట్టుకుని ఇదంతా చూసిన, తొండుపల్లి నుంచి వచ్చే బడి ఆయమ్మను, ఊపిరి తీసుకుంటూ అడిగాను. "నేనేమన్నాను, వీళ్ళేం చేశారు?"

"మీరన్నదే చేసిండ్రు టీచరమ్మా. మర్లబడుమంటే మీదికి పోవుడే గద."

"నేను మరలండి అన్నాను!"

"గా మాట ఇక్కడెవరంటరు? ఎన్కకు రాండ్రి అంటే రాకపోదురా?" అని ఆమె మిగిలిన దాల్చా ఎంతమందికి వస్తుందో చూసుకోవడంలో పడింది.

సాయంత్రం పెద్దసారు నా ముఖం చూడకుండా, "జర ఏమనుకోకుండ్రి మేడం. మన లెక్కల సారు కొత్తూరుల కంపెనీకి పోతుండు. ఇగ మీరు లెక్కలే చెప్పుండ్రి" అన్నారు. కానేలో గెలిచిన హన్నిబాల్ చివరికి ఓడిపోవడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. నాకు పద్నాలుగు నిమిషాలు పట్టింది. గేటు దగ్గర మైకు ఆగి, "మేం గెలిచినం గద టీచర్?" అంది. కోపంగా ఏదో అనబోయి, గెలిచారని ఒప్పుకున్నాను. లెక్కకు లెక్కే కదా.

ఆ బడిలో మరో ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. చాలాకాలం తప్పు పెద్దసారుదనీ, మైకుదనీ అనుకున్నాను. ఇప్పుడు ఆ పాత నోట్సు తిరగేస్తుంటే నా చేతిరాతలోనే ఒక వాక్యం కనబడుతోంది: 'హన్నిబాల్ సైన్యంలో ఎన్నో జాతులవాళ్ళు, ఎన్నో భాషలవాళ్ళు.' దాని కింద మాత్రం గీత గీయలేదు. ఆ యాభై తొమ్మిదేళ్ళ పసిపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. విమానాలన్నీ లెక్కపెట్టింది గానీ, ఎదురుగా ఉన్న పిల్లలు ఏ మాట మాట్లాడతారో ఒక్కసారి కూడా ఆగి వినలేదు.

పోయినవి: అట్టకత్తులు ముప్పై ఎనిమిదిలో ఇరవై తొమ్మిది. షామియానా గుంజలు రెండు. దాల్చా ముప్పావు గిన్నె. నా కళ్ళజోడులో ఎడమ అద్దం. ఏనుగులు పోలేదు, మొదటి నుంచీ లేవు. చరిత్ర పీరియడ్లు, వారానికి ఆరు.